నేను తాగను కదా!

 



మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంగతి మీకు తెలియనిది కాదు. ఇక్కడి యువకుల్లో ఎంతోమందికి సొంతూరిలో బతుకుతెరువు దొరకదు. కొందరు హైదరాబాదుకు, చెన్నైకి కూలి పనులకు వెళతారు. సముద్రతీర గ్రామాలవారు గుజరాత్ లోని వెరావల్ రేవు దాకా వెళ్ళి చేపల వేటలో నెలల తరబడి గడుపుతారు. ఏడాదంతా దూరాన ఉండి సంక్రాంతికి ఇంటికి చేరుకుంటారు. ఆ నాలుగు రోజుల్లోనే కన్నవారిని చూసుకోవాలి, బిడ్డలను ముద్దాడాలి, చిన్ననాటి మిత్రులను కలుసుకోవాలి. ఈ కలయికలో తప్పేముంది? మనిషి మనిషిని కలుసుకోవటం అల్లాహ్ ఇచ్చిన వరం.

కాని ఆ కలయికకు మద్యం తప్పనిసరి అన్నట్లుగా కాలం మారిపోయింది. డిసెంబరు 31 రాత్రి ఒకసారి, కనుమ, ముక్కనుమ రోజుల్లో మరోసారి మిత్రబృందాలు బయలుదేరతాయి. ముందుగా తలా ఇంత అని చందాలు వసూలవుతాయి. ఒక వ్యాను మాట్లాడతారు. ఒక బారులో మొదలుపెట్టి, అక్కడి నుంచి మరో బారుకు, చివరికి సీసాలతో ఏ సముద్రపు ఒడ్డుకో, ఏ తోటలోకో చేరతారు. ప్రతి సంవత్సరం అదే బృందం, అదే దారి. పాశ్చాత్య దేశాల్లో దీనికి ‘పబ్ క్రాల్’ అని పేరే ఉంది. క్రిస్మస్ తాత వేషాలు వేసుకుని గుంపులుగా వీధుల్లో తిరిగే ఒక వేడుక 1994లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో సరదాగా మొదలైంది. ఆ తర్వాత అది అనేక నగరాలకు పాకి, బారు నుంచి బారుకు తిరుగుతూ తాగే జాతరగా మారింది. అక్కడ వేషం వేస్తారు, ఇక్కడ వెయ్యరు. అంతకు మించి తేడా ఏమీ లేదు.

మీలో కొందరు, ‘ఈ ఉపన్యాసం మాకెందుకు? మేము తాగం కదా!’ అనుకుంటూ ఉండవచ్చు. సోదరులారా, ఈ రోజు నా మాటలు తాగేవారి కోసం కాదు. సరిగ్గా ఆ మాట అనుకునేవారి కోసమే.

ఒక యువకుడి ప్రశ్న

కొంతకాలం క్రితం జుమా నమాజు ముగిశాక ఒక యువకుడు మస్జిదులోనే కూర్చుండిపోయాడు. అందరూ వెళ్ళాక దగ్గరకొచ్చి సలాము చేశాడు. సొంత వ్యాను నడుపుకుని బతికే మనిషి. ఐదు పూటలా కాకపోయినా జుమా తప్పనివాడు. మద్యం చుక్క ముట్టనివాడు.

“హజ్రత్, ఒక మాట అడగాలి. మేము ఎనిమిదిమంది స్నేహితులం. అందరం ఒకే బడిలో చదువుకున్నాం. వాళ్ళంతా హిందువులు, నేనొక్కడినే ముస్లింని. రంజాన్ లో నాకోసం మా వీధి చివర ఎదురుచూసి ఇఫ్తార్ కు పండ్లు ఇచ్చి వెళ్ళేవాళ్ళు. అంత మంచివాళ్ళు. ప్రతి సంక్రాంతికి పార్టీ ఉంటుంది. నేను తాగను కాబట్టి డబ్బులు నా దగ్గరే పెడతారు. లెక్క నేనే చూస్తాను. సరుకు నేనే తెస్తాను. వ్యాను నాదే. అందరినీ ఇంటి దగ్గర దింపేది కూడా నేనే. తొమ్మిదేళ్ళుగా ఇదే పద్ధతి. నేను తాగను కదా, నా మీద పాపం ఏమిటి?”

“ఇన్నేళ్ళు లేని అనుమానం ఇప్పుడెందుకు వచ్చింది బేటా?” అని అడిగాను.

అతను తలవంచుకున్నాడు. “మొన్న పండక్కి ఒక స్నేహితుడి ఇంటి ముందు ఆగి హారన్ కొట్టాను. అతని భార్య బయటికొచ్చింది. ఏమందో తెలుసా హజ్రత్? ‘నువ్వు తాగవని ఊరంతా మెచ్చుకుంటారన్నయ్యా. కానీ నీ బండి హారన్ ఇనబడ్డాదంటే మా ఇంట్లో పండగ అయిపోయినట్టే’ అంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.”

ఆలోచించండి సోదరులారా! ఆ ఇల్లాలు ఖుర్ఆన్ చదివినది కాదు, హదీసులు విన్నది కాదు. కాని ధర్మశాస్త్రంలోని ఒక గొప్ప సూత్రాన్ని ఆమె గుమ్మంలో నిలబడి ఒక్క మాటలో చెప్పేసింది. తాగేవాడి చేతిలో గ్లాసు ఉంటుంది. ఆ గ్లాసు దాకా అతన్ని చేర్చిన చెయ్యి మరొకటి ఉంటుంది.

పదిమందిలో తాగేవాడు ఒక్కడు

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. మద్యం విషయంలో మహాప్రవక్త (స) పదిమందిని శపించారని అందులో ఉంది. ఆ పదిమంది ఎవరు? మద్యం కోసం పండ్లరసం పిండేవాడు, పిండించుకునేవాడు, తాగేవాడు, దాన్ని మోసుకెళ్ళేవాడు, ఎవరి కోసం మోసుకెళతారో ఆ మనిషి, గ్లాసుల్లో పోసేవాడు, అమ్మేవాడు, ఆ అమ్మకపు సొమ్ము తినేవాడు, కొనేవాడు, ఎవరి కోసం కొంటారో ఆ మనిషి.

ఈ జాబితాను జాగ్రత్తగా గమనించండి. పదింటిలో తాగేవాడు అన్నది ఒక్క పేరు మాత్రమే. మిగిలినవన్నీ ఏర్పాట్లకు సంబంధించినవి. ఎందుకని? మద్యం ఒంటరిగా నోట్లోకి నడిచి రాదు. దానికి డబ్బు కావాలి, బండి కావాలి, పోసే చెయ్యి కావాలి, ‘రారా, అందరూ వచ్చేశారు’ అని పిలిచే గొంతు కావాలి. ఇస్లాం పాపాన్ని దాని ఆఖరి మెట్టు దగ్గర మాత్రమే ఆపదు. మొదటి మెట్టు దగ్గరే ఆపుతుంది.

ఈ హదీసు వినిపించాక ఆ యువకుడు చాలాసేపు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. “కొనేవాడు... మోసేవాడు... హజ్రత్, నేను ఇందులో రెండు చోట్ల ఉన్నాను” అన్నాడు.

సత్కార్యాల్లో, దైవభీతిలో పరస్పరం సహకరించుకోవాలని, పాపంలో, దౌర్జన్యంలో సహకరించరాదని దివ్యఖుర్ఆన్ మాయిదా సూరా ప్రారంభంలోనే (5:2) అల్లాహ్ ఆదేశించాడు. అదే సూరాలో ముందుకు వెళితే (5:90, 91) మద్యం, జూదం షైతాన్ పనులని, వాటి ద్వారా మనుషుల మధ్య వైరం రగిలించి, దైవధ్యానం నుంచి, నమాజు నుంచి మళ్ళించాలని షైతాన్ కోరుకుంటాడని హెచ్చరించాడు. స్నేహం పెంచుకుందామని మొదలుపెట్టిన రాత్రి, పాత బాకీల గొడవతోనో, చెంపదెబ్బలతోనో ముగియటం మీరెన్నిసార్లు చూడలేదు?

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. అది ‘ప్రతి ఏటా’ అన్న మాటలో దాగి ఉంది. ఎవరైనా ఒక చెడు సంప్రదాయాన్ని ప్రారంభిస్తే, దాని పాపంతో పాటు తర్వాత దాన్ని అనుసరించినవారి పాపంలో కూడా అతనికి భాగముంటుందని, అందువల్ల వారి పాపమేమీ తగ్గదని మహాప్రవక్త (స) చెప్పిన విషయం సహీహ్ ముస్లింలో ఉంది. ఒకసారి జరిగిన తప్పు తౌబాతో తుడిచిపెట్టుకుపోవచ్చు. ఏటేటా నడిచే ఏర్పాటు మాత్రం మనం పక్కన లేకపోయినా నడుస్తూనే ఉంటుంది. ఆ బృందంలోని వారి కొడుకులు, తమ్ముళ్ళు రేపు అదే దారి పడతారు.

బీరు, కల్లు మాటేమిటి?

కొందరు, ‘విస్కీ, బ్రాందీ సరే, బీరుకేముంది? తాటికల్లు చెట్టు నుంచి వచ్చేదే కదా!’ అంటారు. మత్తు కలిగించే ప్రతిదీ మద్యమే, ప్రతి మద్యమూ నిషిద్ధమే అన్నది మహాప్రవక్త (స) స్పష్టం చేసిన నియమం. ఎక్కువ తాగితే మత్తెక్కేది కొంచెం తాగినా హరామే. తాటికల్లయినా, జీలుగుకల్లయినా, నాటుసారా అయినా, అద్దాల బారులోని ఖరీదైన సీసా అయినా తీర్పు ఒక్కటే. మదీనాలో ఆ రోజు పారబోసింది కూడా ఖర్జూరాలతో ఇంట్లో చేసుకున్న పానీయమే.

మదీనాలో ఒక మిత్రబృందం

ఆ సంఘటన తెలుసుకోదగినది. బుఖారీ గ్రంథంలో హజ్రత్ అనస్ (రజి) తానే చెప్పారు. హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంట్లో కొందరు మిత్రులు కూర్చుని ఉన్నారు. వారిలో హజ్రత్ అబూ ఉబైదా (రజి), హజ్రత్ ఉబయ్ బిన్ కఅబ్ (రజి) వంటి మహనీయులు ఉన్నారు. అప్పటికి మద్యం పూర్తిగా నిషేధించబడలేదు. అనస్ (రజి) అందరిలో చిన్నవాడు. పోసి అందించే పని అతనిది. అంతలో వీధిలో చాటింపు వినిపించింది. మద్యం నిషేధించబడిందని వార్త వచ్చింది. అబూ తల్హా (రజి) వెంటనే, ఉన్నదంతా పారబోయమని అనస్ (రజి) కు చెప్పారు. ఆ రోజు మదీనా వీధుల్లో మద్యం పారింది.

ఎవరూ, ‘ఈ గ్లాసు పూర్తిచేసి రేపటి నుంచి మానేద్దాం’ అనలేదు. ‘డబ్బులు పెట్టి కొన్నాం కదా’ అనలేదు. ‘స్నేహితులు ఏమనుకుంటారో’ అని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇంకో సంగతి చూడండి. అంతవరకూ పోసిన చెయ్యే పారబోసింది. ఏర్పాటు చేసే మనిషి మారితే సభ మొత్తం మారుతుంది.

చట్టం ఆపలేనిది

మద్యాన్ని ఆపటానికి మన రాష్ట్రం చేయని ప్రయత్నం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న పేద స్త్రీలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలుచేసింది. 1997లో దాన్ని సడలించారు. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, ధరలు పెంచింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి, 99 రూపాయలకే క్వార్టరు సీసా దొరకసాగింది. అమెరికా అంతటి దేశం 1920లో నిషేధం పెట్టి 1933లో ఎత్తివేసింది.

చట్టం అనవసరమని నా ఉద్దేశం కాదు. దూబగుంట తల్లుల కన్నీటికి విలువ ఉంది. మన మతం వారు కాకపోయినా, వారి పోరాటం మనకు గౌరవనీయం. కాని చట్టం దుకాణాన్ని మూయగలదు, కోరికను మూయలేదు. మదీనాలో ఎందుకు సాధ్యమైంది? హజ్రత్ ఆయిషా (రజి) దీనికి కారణం చెప్పారు. మొదట స్వర్గనరకాల గురించిన సూక్తులు అవతరించాయి. హృదయాలు ఇస్లాంలో కుదురుకున్నాకే హరామ్, హలాల్ ఆజ్ఞలు వచ్చాయి. మొదటి రోజే మద్యం మానమని ఉంటే జనం ఎన్నటికీ మానేవారు కాదని ఆమె అన్నారు. పరలోకంలో జవాబు చెప్పుకోవాలన్న నమ్మకం గుండెల్లో నాటుకుంది కాబట్టే, ఒక్క చాటింపు చాలింది.

ఇహలోకపు నష్టం మాత్రం చిన్నదా? ఎనిమిదిమంది తలా 1,500 రూపాయలు వేసుకుంటే ఒక్క రాత్రికి 12,000. పదేళ్ళలో లక్షా ఇరవై వేలు. ఎండలో ఇటుకలు మోసి, సముద్రంలో వలలు లాగి సంపాదించిన సొమ్ము అది. శరీరం సంగతికొస్తే, సురక్షితమైన మోతాదు అంటూ మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. 2019 ఒక్క సంవత్సరంలోనే మద్యం వల్ల ప్రపంచవ్యాప్తంగా 26 లక్షలమంది మరణించారని అదే సంస్థ లెక్కకట్టింది.

తీసుకెళ్ళటం వేరు, తీసుకురావటం వేరు

ఇక్కడ ఆ యువకుడు ఒక గట్టి ప్రశ్న వేశాడు. “హజ్రత్, నేను వ్యాను తీయకపోతే వాళ్ళు ఆగుతారా? తాగి బైకుల మీద వస్తారు. హైవే మీద లారీల కింద పడితే ఆ పాపం ఎవరిది?”

ఇది తీసిపారేయదగిన ప్రశ్న కాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే బండి నడపటం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితేనే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అయినా పండుగ రాత్రుల్లో రోడ్లమీద రక్తం పారుతూనే ఉంది. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినవాడితో సమానమన్న భావం మాయిదా సూరాలోనే (5:32) ఉంది.

అందుకని నేను ఇలా చెప్పాను: “బేటా, రెండు పనులను కలపకు. వాళ్ళను బారుకు తీసుకెళ్ళటం ఒక పని. పడిపోయినవాణ్ణి ఇంటికి చేర్చటం ఇంకో పని. మొదటిది పాపానికి సహకారం. రెండోది ప్రాణరక్షణ. డబ్బు వసూలు చేయకు, సరుకు తేవద్దు, హారన్ కొట్టవద్దు. కాని అర్ధరాత్రి ఫోను వస్తే మాత్రం లేచి వెళ్ళు. నిందించకుండా ఇంటికి చేర్చు. ‘నేను ముందే చెప్పాను కదా’ అన్న మాట ఆ రాత్రి నోట రానివ్వకు.”

అణచివేతకు గురైన సోదరునికే కాదు, తప్పు చేస్తున్న సోదరునికి కూడా సహాయం చేయాలని మహాప్రవక్త (స) బోధించారు. తప్పు చేసేవాడికి సహాయం ఎలా అని సహచరులు అడిగితే, ఆ తప్పు నుంచి అతన్ని ఆపటమే సహాయమని వివరించారు. అలాగని తాగేవాణ్ణి అసహ్యించుకునే అధికారం మనకు లేదు. మద్యం తాగి పలుమార్లు శిక్షపడిన ఒక వ్యక్తిని ఎవరో శపించినప్పుడు మహాప్రవక్త (స) వారించారు. అతను అల్లాహ్ ను, ప్రవక్తను ప్రేమిస్తున్నాడని సాక్ష్యమిచ్చారు. చెడును ద్వేషించాలి, మనిషిని వదులుకోకూడదు.

కలయికను వదులుకోవద్దు

మరి పండుగ కలయిక మాటేమిటి? ఇస్లాం సంతోషానికి శత్రువు కాదు. మదీనావాసులు ఏటా రెండు రోజులు ఆటపాటలతో గడుపుకునేవారు. మహాప్రవక్త (స) అక్కడికి వచ్చాక, వాటికి బదులు అంతకంటే మేలైన రెండు పండుగలను, ఈదుల్ ఫిత్ర్, ఈదుల్ అజ్హాలను అల్లాహ్ ప్రసాదించాడని చెప్పారు. ఉత్త చేతులతో వదిలెయ్యలేదు. ఒకటి తీసి, దాని స్థానంలో మెరుగైనది ఇచ్చారు. ఇది మనకు పాఠం. ‘నేను రాను’ అని తలుపు వేసుకోవటం సగం పని మాత్రమే. ‘ఇటు రండి’ అని పిలవటం మిగతా సగం.

ఆ యువకుడు అదే చేశాడు. తర్వాతి సంక్రాంతికి నెల ముందే స్నేహితులను కూర్చోబెట్టి, “ఈసారి డబ్బులు, సరుకు నేను చూడను. నా బండి దానికి రాదు” అని చెప్పేశాడు. ఒకతను నవ్వాడు. ఒకతను, “నీకు మతం బాగా ఎక్కిందిరా” అన్నాడు. ఇంకొకతను వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారమంతా తనకు అన్నం సహించలేదని యువకుడు నాతో అన్నాడు. పాతికేళ్ళ స్నేహం అది. మైనారిటీగా బతికేవాడికి స్నేహితులు దూరమవుతారేమోనన్న భయం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

కనుమ నాడు అతను అదే వ్యానును కుటుంబాల కోసం తీశాడు. తాటిపూడి రిజర్వాయరు దగ్గరకు బయలుదేరదామన్నాడు. అతని తల్లి బిరియానీ వండింది. స్నేహితుల ఇళ్ళ నుంచి మినపగారెలు వచ్చాయి. ఏడుగురిలో నలుగురు భార్యాబిడ్డలతో వచ్చారు. ముగ్గురు రాలేదు. ఆ ముగ్గురూ తమ దారిన తాము బారుకు వెళ్ళారు. రాత్రి పదకొండింటికి ఫోను వచ్చింది. ఇతను లేచి వెళ్ళి ముగ్గురినీ ఇళ్ళ దగ్గర దింపి వచ్చాడు. దారిలో ఒక్క మాట కూడా అనలేదట.

“ఆ అమ్మాయి ఇంటి ముందు కూడా ఆగాను హజ్రత్. ఈసారి పగటిపూట. హారన్ కొట్టగానే పిల్లలు పరిగెత్తుకొచ్చారు” అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఇది గొప్ప విజయగాథ కాదు. ముగ్గురు ఇంకా తాగుతూనే ఉన్నారు. వచ్చిన నలుగురు వచ్చే ఏడు ఏం చేస్తారో అల్లాహ్ కే తెలుసు. మన మీద ఉన్నది ఫలితం బాధ్యత కాదు, మన చేతుల బాధ్యత. ప్రళయదినాన కాళ్ళూ చేతులూ సాక్ష్యం చెబుతాయని దివ్యఖుర్ఆన్ (36:65) తెలియజేస్తోంది. ఆనాడు నోరు, ‘నేను తాగలేదు ప్రభూ!’ అనాలనుకున్నా దానికి ముద్ర వేయబడుతుంది. అప్పుడు డబ్బు లెక్కపెట్టిన వేళ్ళు ఏం చెబుతాయి? స్టీరింగు తిప్పిన చేతులు ఏం చెబుతాయి?

సోదరులారా! మీలో ఎవరి చేతిలోనైనా ఇలాంటి చందా పుస్తకం ఉంటే ఈ రోజే తిరిగి ఇచ్చేయండి. ఎవరి బండి అయినా ఆ దారిన నడుస్తుంటే మళ్ళించండి. ఎవరి షాపు వెనుక గది అయినా ఆ సభకు ఇస్తుంటే తాళం వేయండి. స్నేహితులను మాత్రం వదులుకోవద్దు. వారి కోసం మీ ఇంటి తలుపు, మీ భోజనాల బల్ల, అర్ధరాత్రి మీ ఫోను తెరిచే ఉంచండి.

అల్లాహ్ మన చేతులను పాపానికి పనిముట్లు కాకుండా కాపాడుగాక! తెలిసీ తెలియక మనం చేసిన సహకారాన్ని మన్నించుగాక! మత్తులో చిక్కుకున్న మన మిత్రులకు విముక్తి ప్రసాదించి, వారి ఇళ్ళలో పండుగను పండుగగా నిలుపుగాక! ఆమీన్.